పుట్టకముందే పేరు పొందిన యంత్రము

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత తెలుగునాట ఏ తాతముత్తాతల కాలమున పుట్టినదో గాని, 1983వ సంవత్సరమున అమెరికాలో దానికి దొరికినంత చక్కని ఉదాహరణము వేరొకచోట దొరకుట అరుదు. ఆ యేడు జూన్ నెలలో షికాగో నగరమున జరిగిన ఎలక్ట్రానిక్ వస్తువుల ప్రదర్శనలో కోలెకో అను ఆటబొమ్మల కంపెనీ ఒక గృహ కంప్యూటరును ప్రకటించినది. దాని పేరు ఆడమ్, అనగా బైబిలులోని ఆదాము, తొలి మానవుడు. యంత్రము ఇంకను అమ్మకమునకు సిద్ధము కాలేదు. పేరు మాత్రము సిద్ధముగా నున్నది. క్రిస్మస్ పండుగలోపల 5 లక్షల యంత్రములు అమ్మెదమను లెక్కయు సిద్ధముగా నున్నది. ఆ సంవత్సరము ముగియునప్పటికి కంపెనీ పంపగలిగినవి లక్షకు లోపు. 1985 జనవరిలో, అంగడికి వచ్చి పదునైదు నెలలు నిండీ నిండకముందే, కోలెకో ఆ యంత్రమును విడిచిపెట్టినది.

పాత కంప్యూటర్ల చరిత్ర వ్రాయువారు ఆడమ్ పేరు వచ్చినపుడెల్ల నవ్వుదురు. ఓడిపోయిన యంత్రముల జాబితా యేది చూచినను అందులో దానికొక స్థానము కలదు. నవ్వుట సులభమే, నవ్వుటకు తగిన కారణములును లేకపోలేదు. కాని ఆ నవ్వులో రెండు వేరువేరు విషయములు కలిసిపోయినవి. మొదటిది ఆ యంత్రము వెనుక నున్న ఆలోచన. రెండవది ఆ ఆలోచనను అమ్మిన తీరు. మొదటిది సరియైనది, ఆనాటి పోటీదారులలో పెక్కురి ఆలోచన కంటె మెరుగైనది కూడ. రెండవది క్షమింపరానిది. ఈ రెంటిని విడదీయకుండ తీర్పు చెప్పినచో మంచి ఆలోచనకు అన్యాయము జరుగును. అంతకంటె ముఖ్యముగా, తప్పంతయు యంత్రము మీదికి పోయి, తప్పు చేసినవారు తేలికగా బయటపడుదురు.

కోలెకో అను మాట కనెక్టికట్ లెదర్ కంపెనీ అను పేరునకు కుదింపు. 1932లో మారిస్ గ్రీన్‌బర్గ్ అనునతడు హార్ట్‌ఫర్డ్ నగరమున దానిని స్థాపించినాడు. చెప్పులు బాగుచేయువారికి తోలు సరకు అమ్ముట తొలి వ్యాపారము. తరువాత పిల్లలు తోలుతో చేతిపనులు నేర్చుకొను సామగ్రి, ఆ తరువాత పిల్లలు ఆడుకొను ప్లాస్టిక్ నీటితొట్లు, ఇట్లు ఒకదాని వెంట ఒకటి పట్టుకొనుచు, చివరకు తోలును పూర్తిగా వదలి ఆటవస్తువుల కంపెనీ అయినది. గాలి యెటు వీచిన అటు తెరచాప త్రిప్పుట ఆ సంస్థకు మొదటినుండి అలవాటు. 1976లో టెల్‌స్టార్ అను టెలివిజన్ బంతియాటను తెచ్చి పది లక్షలకు పైగా అమ్మినది. రేడియో ప్రసారములకు అంతరాయము కలిగించునను కారణమున ప్రభుత్వ పరీక్షలో ఆ యంత్రము తప్పబోయినపుడు, టెలివిజన్ ఆటలకు ఆద్యుడని పేరొందిన రాల్ఫ్ బేర్ చిన్న సవరణ సూచించి గట్టెక్కించినాడు. రెండేండ్లలో ఆ మోజు తీరిపోయెను. సరకు గిడ్డంగులలో నిలిచిపోయి 1978లో 2 కోట్ల డాలర్లకు పైగా నష్టము వచ్చెను. ఈ కథలో రెండు పాఠములు కలవు. ఆఖరి గడియలో అదృష్టము ఆదుకొనుననునది ఒకటి. అది ప్రతిసారి ఆదుకొనదనునది రెండవది. కంపెనీవారు మొదటిదానినే గుర్తుంచుకొన్నట్లు తోచును.

1982 ఆగస్టులో ఆ కంపెనీ కోలెకోవిజన్ అను ఆటయంత్రమును తెచ్చినది. ఇది నిజముగ మంచి వస్తువు. డాంకీ కాంగ్ అను ప్రసిద్ధమైన జపాను ఆటను యంత్రముతోపాటు ఉచితముగ నిచ్చిరి. నాణెములు వేసి ఆడు అంగళ్లలో కనబడు బొమ్మలకు ఇంటి టెలివిజన్ మీద కనబడు బొమ్మలకు గల దూరమును అది చాలవరకు తగ్గించెను. ఆ యేటి క్రిస్మస్ నాటికే 5 లక్షలకు పైగా అమ్ముడుపోయెను. మరుసటి సంవత్సరము ఆడమ్ విషయమున చెప్పిన అంకెయు ఇదియే కావడము గమనింపదగినది. గెలిచినవాడు గెలుపును కొలతబద్దగా చేసికొనుట సహజము. కాని ఆటయంత్రమును తయారుచేయుటకును కంప్యూటరును తయారుచేయుటకును గల భేదము, బంగాళాఖాతములో పడవ నడుపుటకును చెరువులో నడుపుటకును గల భేదము వంటిది. తెడ్డు ఒకటే కావచ్చును, నీరు వేరు.

ఆడమ్ వెనుక నున్న ఆలోచన ఎట్టిదో తెలియవలెనన్నచో 1983లో ఒక సామాన్య గృహస్థు కంప్యూటరు కొనబోయినపుడు ఏమి జరిగెడిదో తెలియవలెను. కమడోర్ 64 అను యంత్రము ఆనాడు చాల చౌక; వెలల పోరులో అది 200 డాలర్ల సమీపమునకు దిగివచ్చినది. పెట్టె తెచ్చి ఇంట విప్పిన తరువాత అసలు సంగతి తెలియును. వ్రాసినదానిని దాచుకొనుటకు టేపు యంత్రమో ఫ్లాపీ యంత్రమో వేరుగా కొనవలెను. కాగితము మీద అచ్చు వేయుటకు ప్రింటరు వేరు. ఉత్తరము వ్రాయుటకు తగిన ప్రోగ్రాము వేరు. వీనినన్నిటిని కలుపు తీగలు వేరు. ఇన్ని కొన్న తరువాతను, తెరమీద మిణుకుమను ఒక చిన్న చతురస్రము తప్ప వేరేమియు కనబడదు. దానికేమి చెప్పవలెనో కొన్నవానికి తెలియదు. పెండ్లికి పిలిచి, బియ్యము కూరగాయలు ఎవరివి వారే తెచ్చుకొనవలెనని చెప్పిన విధముగా నుండెను ఆనాటి గృహ కంప్యూటర్ల వ్యాపారము.

ఆడమ్ ఈ పద్ధతికి ఎదురు నిలిచినది. ఒకే పెట్టెలో కంప్యూటరు, చక్కని కీబోర్డు, టేపు యంత్రము, ప్రింటరు, ఆటకు రెండు చేతిమీటలు, ఉత్తరములు వ్రాయుటకు ప్రోగ్రాము, బేసిక్ భాష టేపు, బక్ రోజర్స్ అను ఆట, అన్నియు ఉండెను. కోలెకోవిజన్ ఆటలన్నియు ఇందులో నడచును. ఇదివరకే కోలెకోవిజన్ కొన్నవారు మిగిలిన భాగములను మాత్రమే కొని తమ ఆటయంత్రమునకు తగిలించుకొనవచ్చును. జ్ఞాపకశక్తి మొత్తము 80 కిలోబైట్లు, అందు 64 లెక్కలకు, 16 బొమ్మలకు. లోపల నున్నది జెడ్80 అను ప్రసిద్ధమైన చిప్పు. ప్రింటరు చుక్కలతో అక్షరములు గీయు రకము కాదు. పూవు రేకులవలె చుట్టును అక్షరములు గల చక్రము తిరిగి, కావలసిన అక్షరము వచ్చినపుడు సుత్తి దానిని కొట్టును. కాగితము మీద టైపు మిషను అక్షరమువలె నిండుగ పడును. ఆఫీసులలో ఉత్తరములకు వాడు రకమది. ఆనాడు అట్టి ప్రింటరు ఒక్కదానికే వందల డాలర్లు పెట్టవలసియుండెను.

అన్నిటికంటె మెచ్చదగినది వేరొకటి కలదు. చరిత్రలు వ్రాయువారు దీనిని ఒక వాక్యములో దాటిపోవుదురు. ఆడమ్ మీట నొక్కగనే అది టైపు మిషనుగా మేలుకొనును. ఏ ఆజ్ఞయు ఇయ్యనక్కరలేదు, ఏ టేపును పెట్టనక్కరలేదు. కీబోర్డు మీద కొట్టినది ప్రింటరు మీద పడును. మరియొక మీట నొక్కినచో అదే వర్డ్ ప్రాసెసరుగా మారును. వ్రాసినదానిని దిద్దుకొనవచ్చును, దాచుకొనవచ్చును. ఈ ప్రోగ్రాము యంత్రములోనే శాశ్వతముగ నాటబడి యుండెను. తక్కిన కంపెనీలు ఆ చోటున బేసిక్ భాషను నాటినవి. అనగా యంత్రము మేలుకొనగనే, ప్రోగ్రాములు వ్రాయగల పండితుడు ఎదుట కూర్చున్నాడని భావించెడిది. ఆడమ్ మాత్రము ఎదుట నున్నది ఉత్తరము వ్రాయదలచిన తల్లి, లేదా బడిలో అడిగిన వ్యాసమును వ్రాయవలసిన పిల్లవాడు అని భావించినది. నేడు కంప్యూటర్లు వాడువారిలో నూటికి ఎందరు ప్రోగ్రాములు వ్రాయుచున్నారు? ఎందరు వ్రాతకోతలకు వాడుచున్నారు? ఊహ యెవరిది నిజమైనదో చెప్పనక్కరలేదు.

యంత్రములోపలి అమరిక కూడ తీసివేయదగినది కాదు. కీబోర్డునకు, టేపునకు, ప్రింటరునకు వేరువేరుగ చిన్న ప్రాసెసర్లు పెట్టి, వానినన్నిటిని ఒకే తీగ మీద మాటలాడుకొనునట్లు చేసిరి. ఆ తీగకు ఆడమ్‌నెట్ అని పేరు. ఏ వస్తువు తగిలించినను ఒకే రకపు సంభాషణ. తరువాతి కాలమున అందరి కంప్యూటర్లలోను ఇదే సూత్రము వేరు పేరుతో స్థిరపడినది. ఆటబొమ్మల కంపెనీలో ఈ ఆలోచన చేసిన ఇంజనీర్లు చిన్నవారు కారు.

ఇంత మంచి ఆలోచన ఏ గతిన చెడెను? ఇక్కడనే కథ చేదెక్కును.

కంప్యూటరు మొత్తమునకు కావలసిన కరెంటును అందించు భాగమును ప్రింటరు పెట్టెలో పెట్టిరి. చవుక అగుననియో, చోటు కలిసివచ్చుననియో అట్లు చేసియుందురు. దాని ఫలితము విచిత్రమైనది. ప్రింటరు చెడినచో ఉత్తరము అచ్చు పడకపోవుట మాత్రమే కాదు; కంప్యూటరే మేలుకొనదు, ఆటయు నడవదు. వరండాలో దీపము ఆరినచో ఇల్లంతయు చీకటియై, పొయ్యియు ఆరినట్లు. ప్రింటరును బాగుచేయుటకు పంపినచో తిరిగి వచ్చువరకు మిగిలిన పెట్టెలు బల్ల మీది అలంకారములు. అన్ని భాగములలో కదలికలు ఎక్కువగ గలది, కొట్టుకొనునది, అరుగునది, కనుక చెడుటకు ఎక్కువ అవకాశము గలది ఏదియో, దానిచేతికే తక్కినవాని ప్రాణమును అప్పగించిరి. అందులోను ఆ ప్రింటరు చేయు చప్పుడు సామాన్యమైనది కాదు. రాత్రివేళ ఒకడు వ్యాసము అచ్చు వేసినచో ఇంటిల్లిపాదియు మేలుకొనవలసినదే.

రెండవ లోపము ఇంకను ఘోరమైనది. మీట నొక్కినపుడు యంత్రమునుండి ఒక్క క్షణము అయస్కాంత తరంగము వెలువడెడిది. టేపు యంత్రములో గాని దాని సమీపమున గాని టేపు ఉన్నచో, అందులో వ్రాసియున్నదంతయు చెరిగిపోవుటకు అది చాలును. ఆడమ్ టేపులు చూచుటకు పాటల క్యాసెట్టువలె నుండును. ఒక్కొక్కదానిలో 256 కిలోబైట్లు పట్టును. ఆ కాలమునకు అది పెద్ద కొట్టు. ఆ కొట్టు తాళము తీయు చేయియే లోపలి ధాన్యమును పారబోసెడిది. కొన్ని పుస్తకములలో, మీట నొక్కుటకు ముందే టేపును లోపల పెట్టవలెనని కంపెనీవారే అచ్చువేసియుండిరి! సంగతి తెలిసిన తరువాత, అట్లు చేయరాదని హెచ్చరించు చీటీని టేపు యంత్రము ముఖము మీద అంటించిరి. పుస్తకము చెప్పినది ఒకటి, చీటీ చెప్పునది ఒకటి. ఈ రెంటి నడుమ నిలిచిన కొనుగోలుదారుడు ఎవరిని నమ్మవలెను?

ఈ లోపములు దిద్దరానివి కావు. కొంత కాలము పరీక్షించినచో రెండును బయటపడియుండెడివి. తరువాతి రోజులలో ఆడమ్ అభిమానులు ప్రింటరుతో పని లేకుండ వేరుగ కరెంటు పెట్టెలు అమర్చుకొన్నారు. 1984లో కంపెనీయే ఫ్లాపీ యంత్రమును విడుదల చేసినది. కావలసినది తెలివి కాదు, ఆరు నెలల వ్యవధి. ఆ వ్యవధిని జూన్ నెలలోనే అమ్మివేసిరి. దుకాణదారులకు తేదీలు చెప్పిరి. పత్రికలకు అంకెలు చెప్పిరి. షేర్లు కొన్నవారికి ఆశలు చెప్పిరి. ఆగస్టు అన్నది సెప్టెంబరు దాటి అక్టోబరు అయినది. షికాగోలో వినబడిన వెల అంగడిలో మారి 700 డాలర్ల పైమాట అయినది. ఇది ఆ కంపెనీకి ఆ యేటి మొదటి తప్పిన మాట కూడ కాదు. ఫిబ్రవరిలో న్యూయార్కు ఆటబొమ్మల ప్రదర్శనలో కోలెకోవిజన్‌కు సూపర్ గేమ్ మాడ్యూల్ అను అనుబంధమును చూపిరి. నాలుగు నెలలు తిరుగకముందే దానిని ప్రక్కకు నెట్టి ఆడమ్‌ను ముందుకు తెచ్చిరి. ఒక సోమలింగమునకు బారసాల జరుగకుండగనే రెండవ సోమలింగము!

దీనికొక అనుబంధ కథ కలదు. ఆ జూన్ ప్రదర్శనలోనే ఆడమ్ మీద డాంకీ కాంగ్ ఆట నడచుచుండుట చూచి అటారీ కంపెనీ అధిపతి రే కాసర్ మండిపడెను. ఆటయంత్రములపై ఆ ఆట హక్కు కోలెకోదే గాని, గృహ కంప్యూటర్లపై హక్కు అటారీది. ఆడమ్ ఆటయంత్రమా, కంప్యూటరా? రెండును. కనుక తగవు. ఆ సమయముననే జపానులోని నింటెండో తన కొత్త ఆటయంత్రమును జపాను వెలుపల అమ్ము బాధ్యతను అటారీకి అప్పగించు ఒప్పందము చర్చలలో నుండెను. ఈ తగవుతో సంతకములు ఆగిపోయెను. జూలైలో కాసర్ పదవి వదలవలసి వచ్చెను. ఒప్పందము గాలిలో కలిసిపోయెను. నింటెండో చివరకు తన యంత్రమును తానే 1985లో అమెరికాకు తెచ్చి, ఆ దేశపు ఆటల వ్యాపారమును చేజిక్కించుకొనెను. అటారీ పతనమునకు ఇది యొక్కటే కారణమనుట అతిశయోక్తి యగును. అయినను, అమ్ముడుపోని యంత్రమొకటి ప్రదర్శనశాల బల్లమీద కొద్ది దినములు నిలిచి ఇతరుల రాతలను మార్చిన సంగతి చిత్రమైనదే.

ఆటయు చదువును ఒకే యంత్రములో కలుపుటయే తప్పనియు, అట్టి సంకరజాతి వస్తువు రెంటికి చెడిన రేవడి యగుననియు కొందరి వాదము. ఈ వాదమునకు ఆధారము లేదు. ఆడమ్ ప్రకటింపబడిన ఆ జూన్ నెలలోనే, 16వ తేదీన, టోకియోలో ఎం.ఎస్.ఎక్స్. అను ప్రమాణము ప్రకటింపబడినది. దాని యంత్రములలో నున్నది ఆ జెడ్80 చిప్పే. బొమ్మలు గీయు చిప్పు కూడ ఆడమ్‌లోని వంశమునకు చెందినదే. అందులోను ఆటల కార్ట్రిడ్జిలు పెట్టవచ్చును, వ్రాతపని చేయవచ్చును. సోనీ మొదలగు పెక్కు జపాను కంపెనీలు ఆ ప్రమాణము ప్రకారము యంత్రములు చేసి, జపానులోను కొరియాలోను బ్రెజిలులోను స్పెయిన్‌లోను ఏండ్ల తరబడి అమ్ముకొన్నవి. కమడోర్ 64 కొన్న ఇండ్లలో ఆటలు ఎంతగ నడచెనో అందరును ఎరుగుదురు. ఇటుకలు ఒకటే, ఒక ఇల్లు నిలిచినది, ఒకటి కూలినది. ఇటుకలను తిట్టి ఏమి ప్రయోజనము?

వెలల పోరు ఆడమ్‌ను చంపెననునది మరియొక వాదము. ఇందులో కొంత నిజము కలదు. 1983 అమెరికాలో గృహ కంప్యూటర్లకు గడ్డు సంవత్సరము. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వంటి మహాసంస్థయే ఆ అక్టోబరులో చేతులెత్తి ఆ వ్యాపారమునుండి తప్పుకొన్నది. ఆటయంత్రముల వ్యాపారమును అదే యేడు కుప్పకూలుచుండెను. నవంబరులో ఐ.బి.ఎం. పీసీ జూనియర్ అను తన గృహ యంత్రమును ప్రకటించి కొనదలచినవారిని మరి కొంతకాలము ఆగునట్లు చేసినది. అదియు తరువాత విఫలమైనది, అది వేరు సంగతి. కాని ఈ వాదము చేయువారు ఒకటి మరతురు. ఆడమ్ వచ్చిన తొలి దినములలో కొనువారు లేక నిలిచిపోలేదు. దుకాణములకు చాలినన్ని రాలేదు. వచ్చినవానిలో పెక్కు చెడినవై తిరిగిపోయినవి. ఆకలితో వచ్చినవానికి అన్నము పెట్టలేక, ఊరిలో పోటీ హోటళ్లు ఎక్కువైనవని చెప్పుకొన్నట్లుండును ఈ సమాధానము. 1983 చివరి మూడు నెలలలో కంపెనీకి వచ్చిన నష్టము సుమారు 3.5 కోట్ల డాలర్లు.

డాలర్ల నష్టము కంపెనీది. అది పట్టికలలోకి ఎక్కినది. పట్టికలకు ఎక్కని నష్టమొకటి కలదు. ఆ యేండ్లలో గృహ కంప్యూటర్ల ప్రకటనలు ఏ తంతిని మీటెడివో గుర్తు చేసికొనవలెను. ఉత్త ఆటయంత్రము ఎందుకు, కంప్యూటరు కొనరాదా అని విలియం షాట్నర్ వంటి ప్రసిద్ధ నటులచేత అడిగించెడివారు. ఇంట కంప్యూటరు లేని పిల్లవాడు చదువులో వెనుకబడుననియు, కాలేజీలో నిలువలేక ఇంటికి తిరిగివచ్చుననియు ప్రకటనలలో చూపెడివారు. తల్లిదండ్రుల గుండెలో ఒక భయమును నాటి, ఆ భయమునకు మందును అదే చేతితో అమ్ముట ఈ వ్యాపారము. ఆడమ్ ఈ భయమునకు పూర్ణమైన మందుగా వచ్చినది: కంప్యూటరు కలదు, టైపు మిషను కలదు, పిల్లవాడు వద్దనకుండ ఆటయు కలదు. 700 డాలర్లు ఆనాటి మధ్యతరగతి అమెరికను కుటుంబమునకు చిన్న మొత్తము కాదు. ఆ మొత్తమును పెట్టి తెచ్చి, పండుగనాడు పిల్లల ఎదుట పెట్టె విప్పి, మీట నొక్కినపుడు పుస్తకము చెప్పినట్లు పెట్టిన టేపు చెరిగిపోయినచో, అచట పోయినది టేపు మాత్రమే కాదు. ఆ యింట తండ్రి మాట తప్పినట్లయినది. మాట తప్పినది మాత్రము వేరొకరు. బజారులో సరకు అమ్ముట వేరు, బిడ్డ భవిష్యత్తు పేరు చెప్పి అమ్ముట వేరు. రెండవదానికి పూనుకొన్నవాడు రెట్టింపు జాగ్రత్త వహింపవలెను. కోలెకో సగము జాగ్రత్తతో సరిపుచ్చుకొన్నది.

1984లో ఆ కంపెనీ చేసిన ఒక పని ఈ సందర్భమున చెప్పక తీరదు. ఆడమ్ కొన్నవారి బిడ్డకు కాలేజీ చదువు నిమిత్తము 500 డాలర్ల విద్యార్థి వేతనము ఇచ్చెదమని ప్రకటించినది. కొందరు దీనిని ఉదారమని మెచ్చిరి. నిజముగ ఇది వెలను తగ్గించుటకు కనిపెట్టిన ఉపాయము. డబ్బు నేడు తీసికొని తగ్గింపును ఏండ్ల తరువాత ఇచ్చు ఉపాయము. అంతేకాక, మునుపు మీటిన తంతినే మరింత గట్టిగ మీటుట. యంత్రము చదువు చెప్పునన్న మాట నిలువనపుడు, యంత్రమును కొన్నచో చదువునకు డబ్బు ఇచ్చెదమన్నారు. ముందటి మాట మీదనే నమ్మకము లేనివారికి, మరి కొన్నేండ్లకు నెరవేరవలసిన రెండవ మాట ఏమి ధైర్యము నిచ్చును? అమ్మకములు పెరుగలేదు.

విచిత్రమేమనగా, ఆ 1983 క్రిస్మస్‌కే ఆ కంపెనీ దుకాణముల ముందు జనము తొక్కిసలాడుకొనునంత గిరాకీ గల వస్తువును అమ్ముచుండెను. అది క్యాబేజ్ ప్యాచ్ కిడ్స్ అను గుడ్డబొమ్మ. ప్రతి బొమ్మకు ఒక పేరు, దత్తత పత్రము ఉండెను. ఏ రెండు బొమ్మలును ఒక్క తీరున ఉండవని చెప్పెడివారు. ఆ మాట నిలుపుకొనిరి. ఆ యేడు ముగియునప్పటికి సుమారు 30 లక్షల బొమ్మలు అమ్ముడుపోయెను. తోలు అమ్మి, నీటితొట్లు అమ్మి, గుడ్డబొమ్మలు అమ్మిన చేతికి ఆ సరకు గుణము తెలియును. దానికి కరెంటు అక్కరలేదు, పుస్తకము అక్కరలేదు, మరుసటి వారము బాగుచేయించుట అక్కరలేదు. కంప్యూటరు అమ్మిననాడు వ్యాపారము ముగియదు, ఆనాడే ఆరంభమగునను సంగతి ఆ చేతికి తెలియలేదు. బొమ్మల లాభమే ఆడమ్ గాయమును కొన్నేండ్లు కప్పినది. ఆ మోజును తగ్గిన తరువాత 1988లో కంపెనీ దివాలా రక్షణ కోరినది; 1989లో మిగిలిన ఆస్తులను హాస్‌బ్రో కొన్నది.

కంపెనీ విడిచిన యంత్రమును కొన్నవారు మాత్రము విడువలేదు. చౌకవెలకు పారవేసిన మిగులు సరకును కొన్నవారు కొందరు, మొదటినుండి ఉన్నవారు కొందరు, అమెరికాలోను కెనడాలోను సంఘములు పెట్టుకొని పత్రికలు నడిపినారు, ప్రోగ్రాములు వ్రాసినారు, విరిగిన భాగములను ఒకరికొకరు పంచుకొన్నారు. 1989లో ఆడమ్‌కాన్ పేరుతో వారి సమావేశములు ఆరంభమై ఏండ్ల తరబడి జరిగినవి. తయారుచేసినవారు వ్రాసిన పుస్తకములో లేనిది, వాడినవారు ఒకరికొకరు చెప్పుకొని నిలుపుకొన్నారు. అచట ఆడమ్‌ను మేలుకొల్పువాడు, మీట మీద వ్రేలు పెట్టుటకు ముందు, టేపు అర తెరచి లోపల ఏమియు లేదని ఒకసారి చూచుకొనవలెను. ఆ తరువాత మీట నొక్కును. తెరమీద టైపు మిషను కనబడును; కాగితము ఎక్కించినచో వ్రాయుటకు సిద్ధముగ నుండును.